కౌలు చేలో పెంట

మా ఊళ్ళో కౌలుకి చేసేవాళ్ళెవరూ చేలో పెంట తోలరు. సోమరితనం అనుకునేరు, కాదు. పశువుల పెంట తోలితే మొదటి ఏడు దాని బలం సగం కూడా బయటికి రాదు. రెండో ఏడు బాగా వస్తుంది, మూడో ఏడూ కొంత మిగులుతుంది. కౌలేమో ఏడాదికే. ఉగాది నాడు ఆసామి అరుగు ముందు నిలబడితే, "ఈ ఏడు నువ్వే చేసుకోరా" అని ఆయన నోటి వెంట రావాలి. వస్తే చేసుకోవడం, రాకపోతే తల వంచుకుని తిరిగి రావడం. కాగితం లేదు, గీగితం లేదు. ఒకే మనిషి చేతిలో వరసగా ఉంటే చట్టం పేరు చెప్పి చేను తనదే అంటాడేమోనని ఆసాములకి భయం, అందుకని మనుషుల్ని మారుస్తూనే ఉంటారు. మరి రేపు ఎవడో తినబోయే కూడుకి ఇవాళ నేనెందుకు ఎసరు పెట్టాలి అనుకోరూ? యూరియా బస్తా అయితే ఏ పంటకి ఆ పంటే. చల్లామా, పచ్చబడిందా, కోసుకున్నామా, పోయామా.

నేను మాత్రం తోలాను. జానీబీకి పిచ్చి పట్టిందన్నారు. అననీ.

చేను అంకమ్మరావు గారిది. పర్చూరు వెళ్ళే డొంక పక్కన రెండెకరాల నల్లరేగడి. పిల్లల చదువులకని ఆయన గుంటూరు బ్రాడీపేటలో కాపురం పెట్టాడు. ఎప్పుడైనా ఆదివారం స్కూటరు మీద వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గట్టు మీద నిలబడి చూసుకుని వెళ్ళిపోయేవాడు. అంతకు ముందు ఏడు తెల్లదోమ పత్తినంతా ఊడ్చిపెట్టింది. ఆ చేలో పత్తి వేసినవాడు మోళ్ళు కూడా పీక్కోకుండా ఊరొదిలి పోయాడు. ఆ మోళ్ళు పీకే కూలికి నేనూ వెళ్ళాను, అప్పుడే చూశాను ఆ మట్టిని. ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు సంతకి పోయినప్పటి నుంచి పెంట మొహం చూడని నేల అది. బస్తాల మీద బస్తాలు తిని బండబారింది. వాన పడితే నీళ్ళు పైన నిలబడేవే కానీ లోపలికి దిగేవి కావు. నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, కాలు దూరేంత నెర్రెలు. పార వేస్తే ఖంగుమనేది. ఒక్క వానపాము కనబడితే ఒట్టు.

ఉగాదికి ఆయన ఊళ్ళోకి వచ్చినప్పుడు నేనూ మా ఆయన రసూలూ వెళ్ళాం. ఎవరూ ముందుకి రాని చేను కాబట్టి రసూల్ అడగ్గానే అంకమ్మరావు గారు సరేనన్నాడు. రసూల్ సంబరంగా వెనక్కి తిరగబోతుంటే నేను ఆగాను.

"అయ్యా, ఆ చేను చచ్చిపడి ఉందండి" అన్నాను. "బస్తాలొక్కటే వేస్తే ఇక లేవదు. పెంట తోలాలి. తోలితే మూడేళ్ళన్నా మా చేతిలో ఉండాలి. లేకపోతే నేను తోలను."

ఆయన నవ్వాడు. "బాగు చేసుకోండి అమ్మాయ్. మూడేళ్ళదాకా మిమ్మల్ని ఎవరు కదిలిస్తార్లే" అన్నాడు. అరుగు మీద ఇంకో నలుగురు పెద్దమనుషులు ఉన్నారు, అందరూ విన్నారు. నాకు అది చాలనిపించింది.

రసూల్‌కి చాలలేదు. దారి పొడుగునా నా మీద విసుక్కున్నాడు. మా ఆయన మంచివాడే, కానీ ఆసామి ఎదురుగా నోట్లో నాలుక ఉండదు. కండువా తీసి చంకలో పెట్టుకుని "సరేనండి" అంటాడు, అంతే. ఆ మింగిన మాటలన్నీ ఇంటికొచ్చాక నా మీద కక్కుతాడు.

"మూడేళ్ళా నీ మొహమా! ఆయన నవ్వులాటకి అన్నాడే. కౌలు చేలో పెంట వేసిన మొగాణ్ణి చూశావా ఎక్కడన్నా?"

"మొగాళ్ళు వేయలేదు కాబట్టే ఆ నేల అట్లా చచ్చింది."

"యూరియా, డీఏపీ వేస్తే పండదా? ఊరంతా పండించుకోట్లా?"

"వేయొద్దన్నానా? సగం బస్తా, సగం పెంట. రోగిష్టి మనిషికి సూదిమందు వేస్తే సరిపోతుందా, నాలుగు మెతుకులు పెట్టొద్దా? మెతుకులొక్కటే పెట్టి కూర్చున్నా లేవడు, అదీ తెలుసు నాకు."

ఎడ్లు లేవు, గేదె లేదు, పెంట ఎక్కణ్ణించి తెస్తావన్నాడు. అదీ ఆలోచించే ఉన్నాను. మా వీధి చివర పున్నమ్మక్కకి గేదెల కొట్టం ఉంది. వెనక పెద్ద పెంటదిబ్బ. ఎత్తిపోసే దిక్కులేక దిబ్బ గోడెక్కుతోంది. కొట్టం రోజూ నేను ఊడ్చేటట్టు, పాత దిబ్బా కొత్త పేడా నావయ్యేటట్టు మాట్లాడుకున్నాం. బండి కూడా ఆవిడదే, దున్నపోతుల బండి. ఎండాకాలమంతా ఆ కొట్టంలోనే నా నడుం పోయింది. పున్నమ్మక్క నోరు ఊరందరికీ తెలుసు. "ఒసే జానీ, మా గేదెలు నిన్ను చూడగానే తోకెత్తుతున్నాయే, ఏం మందు పెట్టావే వాటికి?" అని రోజూ ఏడిపించేది.

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. దిబ్బ అడుగున ఉన్నది బాగా మాగిన ఎరువు, నల్లగా పొడిపొడిగా ఉంది. పైన నేను పోగేసిందేమో పచ్చిది, సగం గడ్డి తుక్కూ, ఊకా. అది మాగాలంటే ఇంకో ఏడాది పడుతుంది. సొంత చేను ఉన్నవాడైతే మాగిందాన్నే తోలుకుని మిగతాది పై ఏటికి ఉంచుకునేవాడు. మాకు నోటి మాటే తప్ప పై ఏడు ఎవరు రాసిచ్చారు? ఆసామి మనసు మారకముందే మొత్తం మట్టిలో పడిపోవాలని పచ్చిదీ పండుదీ కలిపి తోలేశాం. తొందర నాది కాదు, కౌలుది. ఏ కౌలుదారైనా అదే చేస్తాడు.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. పెంట మట్టిలో ఎండు పిడకల్లాగే పడి ఉంది. వాన పడ్డాక చేను దున్ని, సగం మోతాదు డీఏపీ వేసి, మిరప నారు నాటాం. నాటు చక్కగా పట్టింది. మొక్క మొక్కకీ కళ్ళతోనే దిష్టి తీసుకున్నాను. తర్వాత ఒక పొద్దున్నే వెళ్ళి చూస్తే ఆకులు పాలిపోయి ఉన్నాయి. రోజు రోజుకీ పసుపెక్కాయి. చుట్టూ అందరి తోటలూ నల్లగా నిగనిగలాడుతుంటే మాదొక్కటే కామెర్ల మనిషిలా నిలబడింది. యా అల్లా, ఆ డొంకన పోయేవాళ్ళ చూపులు తట్టుకోలేకపోయాను. "ఏం జానీబీ, పెంట బాగా పట్టిందా?" అని ఒకడు సైకిలాపి మరీ అడిగాడు. నీ జన్మలో నీకు పట్టదులే పో అన్నాను. అన్నానే కానీ ఆ రోజు మళ్ళీ తలెత్తి డొంక వైపు చూడలేదు.

ఆ వారమే అంకమ్మరావు గారు వచ్చాడు. స్కూటరు వెనక ఇంకో మనిషి ఉన్నాడు. పక్కూరి ఏసోబు. పత్తిలో దెబ్బతిన్నా ఎడ్లజత అమ్ముకోకుండా నిలబెట్టుకున్న రైతు, చేలు వెతుక్కుంటున్నాడు.

"ఏరా రసూలూ, తోటకి కామెర్లొచ్చినట్టున్నాయే?" అన్నాడు ఆసామి.

రసూల్ కండువా చంకలో పెట్టుకున్నాడు. "అవునండి" అన్నాడు.

"అవునండి ఏందిరా అవునండి! దసరాకి వస్తా. అప్పటికీ ఇట్లాగే ఉంటే పీకేసి శనగ చల్లుకుంటాడు ఏసోబు. చేను ఉత్తినే పడుకోబెట్టుకోడానికా నేనిచ్చింది?"

ఏసోబు నా వైపు చూడలేదు. వంగి ఒక మట్టిపెళ్ళ తీసి, చిదిమి, వాసన చూసి కింద పడేశాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతనికీ పొట్ట ఉంది. మాకు మాత్రం ఆ చేను పోతే మళ్ళీ ఊరందరి గుమ్మాల ముందూ కూలికి నిలబడ్డమే.

మర్నాడు పొద్దున్నే రసూల్ సైకిల్ మీద యూరియా బస్తా వేసుకుని నాకు చెప్పకుండా చేనికి పోయాడు. నేను వెనకే పరిగెత్తాను. వెళ్ళేసరికి బస్తా గట్టు మీద దించి కుట్టు లాగుతున్నాడు. పోయి బస్తా మీద కూర్చున్నాను.

"లేవే."

"లేవను. పొడి నేల మీద బస్తా మొత్తం కుమ్మరిస్తే వేరు మాడి చస్తుంది. పాలిపోయిన మొక్క మళ్ళీ లేస్తుంది, మాడిన మొక్క లేవదు."

"నీ మాట విని ఇంతదాకా తెచ్చుకున్నా. ఇంకా వినాలా? లేస్తావా, ఈడ్చెయ్యనా?"

భుజం పట్టుకుని లాగాడు. నేను బస్తాని వాటేసుకున్నాను. కుట్టు తెగి తెల్లటి గుళికలు నా చీర మీద పడ్డాయి. గట్టు మీద ఇద్దరం పెనుగులాడుతుంటే డొంకన పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఉన్నట్టుండి రసూల్ చెయ్యి వదిలేసి నా పక్కన కూలబడ్డాడు. చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు. నా ధైర్యమంతా అక్కడికక్కడే జారిపోయింది.

"నాకూ భయంగానే ఉంది" అన్నాను. "ఇమ్మానియేలు గారు వచ్చేదాకా ఆగు. ఆయన వేయమంటే నేనే నా చేత్తో చల్లుతా."

ఇమ్మానియేలు గారు వ్యవసాయ శాఖలో పనిచేసేవాడు. మా ఊళ్ళన్నీ లూనా మీద తిరిగేవాడు. ఆయన దొరికేదాకా రసూల్ ఆ బస్తాని ఇంట్లో మంచం కింద పెట్టుకుని కాపలా కాశాడు. నేను రసూల్‌ని కాపలా కాశాను. అన్నం పెడితే తిన్నాడు, అంతే.

ఆయన వచ్చి, చేలో గొంతుక్కూర్చుని, ఒక మొక్కని మట్టితో సహా పెకలించాడు. నా ప్రాణం ఉసూరుమంది. వేళ్ళు విదిల్చి చూపించాడు. వేరు తెల్లగా, గుబురుగా ఉంది. మట్టిలో ఇంకా కుళ్ళని గడ్డి తుక్కు, దాని నిండా తెల్లటి బూజు.

"మొక్కకేం జబ్బు లేదమ్మా" అన్నాడు. "మీరు పచ్చి పెంట తోలారు. వాన పడగానే అది మట్టిలో కుళ్ళడం మొదలుపెట్టింది. కుళ్ళాలంటే దానికీ నత్రజని కావాలి. మీరు వేసిన సగం మోతాదూ మొక్క నోటికాడికి పోకుండా ఆ పెంటే తినేస్తోంది. అది తినడం అయిపోయాక, తిన్నదంతా మొక్కకే ఇస్తుంది."

"బస్తా వేసెయ్యమంటారా?" అని రసూల్ ఆత్రంగా అడిగాడు.

"ఈ ఎండలో బస్తా వేస్తే వేరు మాడిపోతుంది. బతికినా, తర్వాత పెంట బలం కూడా తోడై ఆకు ఏపుగా లేచి, ఊళ్ళో పురుగంతా మీ తోటకే వస్తుంది. మొక్క పక్కన చిన్న గుంట తీసి కొంచెం కొంచెం యూరియా వేసి మట్టి కప్పండి. వేసి ఆగండి."

"ఎన్నాళ్ళు ఆగాలి సార్?"

"మంచి వాన పడితే తొందరగా తిరుగుతుంది. పడకపోతే నేను చెప్పలేను."

ఆయన లూనా మలుపు తిరగ్గానే రసూల్ నా వైపు చూశాడు. "చెప్పలేనన్నాడు. విన్నావా?"

"విన్నాలే" అన్నాను.

ఇద్దరం కలిసి మొక్క మొక్కకీ గుంట తీసి చిటికెడు చిటికెడు వేసుకుంటూ రెండెకరాలూ తిరిగాం. ఆ తర్వాత చేసేదేమీ లేదు. చేతులు కట్టుకుని ఆగడమంత కష్టమైన పని నేను ఇంతవరకూ చేయలేదు. మబ్బు పట్టేది, పర్చూరు వైపు పోయేది. దసరా దగ్గర పడుతోంది. పున్నమ్మక్క కూడా ఏడిపించడం మానేసింది, అదే నాకు ఎక్కువ భయమేసింది. ఒకరోజు పొద్దున్నే రసూల్ మంచం కిందికి వంగి, మిగిలిన బస్తా లాగుతున్నాడు. నేనేమీ అనలేదు. వేస్తే వేయనీ అనుకున్నాను, నా వల్ల కూడా కావట్లేదు. ఆయన బస్తా గుమ్మందాకా లాక్కుపోయి, నేను అడ్డం వస్తానేమోనని అక్కడ నిలబడి చూశాడు. రాలేదు. కాసేపు నిలబడి, "ఏందే, ఏమనవు?" అన్నాడు. "ఏమనను. నీ చేను కూడా" అన్నాను. మళ్ళీ మంచం కిందికి తోసేశాడు.

రెండు రోజులకి వాన పడింది. చినుకులు కాదు, మధ్యాహ్నం మొదలై మర్నాటిదాకా పడ్డ వాన. చేలో నీళ్ళు నిలబడతాయేమోనని పార పట్టుకుని పరిగెత్తితే ఎక్కడా నిలబడలేదు. పక్క చేలో మోకాటి లోతు చెరువులా ఉంది, మా చేను తాగేసింది. ఆ సంగతి అప్పుడు నా బుర్రకెక్కలేదు, మొక్కల రంగు ఒక్కటే చూస్తున్నాను. ముదురాకులు అట్లాగే పసుపుగా ఉన్నాయి. మొవ్వులో మాత్రం గోరంత చిగురు, పచ్చగా.

"రసూలూ" అని కేకేశాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచానని కూడా గుర్తులేదు. ఆయన వచ్చి వంగి చూసి, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి, సాలు చివరిదాకా వంగుకునే వెళ్ళాడు.

దసరాకి అంకమ్మరావు గారు వచ్చేసరికి తోట తిరిగింది. ఆయన గట్టు మీద చాలాసేపు నిలబడ్డాడు. "ఊఁ" అన్నాడు. బాగుందనలేదు, బాలేదనలేదు. దసరా తర్వాత మళ్ళీ వాన లేదు. ఊళ్ళో తోటలు మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేసేవి, మాది సాయంత్రందాకా నిలబడేది. అడుగున తేమ ఉంది. కాయ ఎర్రగా, బరువుగా దిగింది. కల్లంలో పరిచిన కాయ చూడ్డానికి ఏసోబు కూడా వచ్చాడు. వచ్చినవాడు కాయని పెద్దగా చూడలేదు, చేలోకి దిగి మళ్ళీ మట్టి చిదిమి చూసి పోయాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఉగాది నాడు వెళ్ళాం. అరుగు మీద నిరుటి పెద్దమనుషులే ఉన్నారు. అంకమ్మరావు గారు పక్క ఊరి రాజకీయాలు మాట్లాడుతూ మాట్లాడుతూ, మా వైపు తిరక్కుండానే అన్నాడు.

"ఆ డొంక పక్క చేను ఈ ఏడు ఏసోబు చేస్తాడ్రా రసూలూ. మీకు ఇంకెక్కడన్నా చూద్దాంలే."

రసూల్ నోరు తెరిచాడు. "సరే..." అన్నాడు. 'నండి' రాలేదు.

"మూడేళ్ళన్నారు కదండీ" అన్నాను నేను. "వీళ్ళందరూ విన్నారు."

పెద్దమనుషుల వైపు చూశాను. ఒకాయన చుట్ట వెలిగించుకున్నాడు. ఇంకొకాయనకి చూరులో ఏదో కనబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మూడేళ్ళు ఒకడి చేతిలో పెడితే చేను నాకు మిగుల్తుందా అమ్మాయ్? నాకు తెలీదనుకున్నావా మీ ఎత్తులు?"

"మా పెంట బలం ఇంకా రెండేళ్ళది ఆ మట్టిలో ఉందండి."

ఆయన పగలబడి నవ్వాడు. అరుగంతా నవ్వింది. "నీ పెంట నాకెందుకే? తట్ట తెచ్చుకుని ఎత్తుకుపో!"

"సరేనండి" అన్నాను. రసూల్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

మర్నాడు పొద్దున్నే పున్నమ్మక్క గుమ్మం ముందు నిలబడి బండి అడిగాను. సంగతి విని ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. "ఒసే, దొంగతనానికి నా బండి అడుగుతున్నావుటే?"

"దొంగతనం కాదక్కా. ఆయన ఎత్తుకుపొమ్మన్నాడు, ఎత్తుకొచ్చుకుంటున్నా."

"పద, నేనూ వస్తా. నా గేదెలు పెట్టిన పెంట కూడానాయె" అంది.

రసూల్ రానన్నాడు. జైల్లో పెడతారన్నాడు. పెడితే పెట్టనీ, అక్కడన్నా ఏటేటా మార్చరు కదా అన్నాను. బండి డొంకెక్కేసరికి వెనక నుంచి వచ్చి పగ్గాలు అందుకున్నాడు.

చేను గుల్లగా ఉంది. పార వేస్తే మెత్తగా దిగుతోంది. పైన జానెడు మట్టి తీసి తట్టలో పోస్తుంటే నా చేతులాడలేదు. ఏడాదంతా నా ఒళ్ళు అరగదీసి బాగుచేసిన మట్టి. వానపాములు గిలగిల్లాడుతూ పైకొస్తున్నాయి. ఏడుస్తూనే ఎత్తాను. సగం బండి నిండేసరికి గట్టు పొడుగునా జనం. ఏసోబు కాడీ నాగలీ వేసుకుని కొత్త కౌలు దున్నుదామని వచ్చాడు. ఎడ్లని డొంకలోనే ఆపి నిలబడ్డాడు.

స్కూటరు వచ్చింది. పండక్కని ఊళ్ళోనే ఉన్నాడాయన.

"ఏందే ఇది? దించు ముందు!"

"పెంటండి. మీరు ఎత్తుకుపొమ్మన్నారు కదండీ."

"అది నా మట్టే!"

"మట్టి మీదేనండి. పెంట మాది. రెండూ కలిసిపోయినాయి, నేను విడదీయలేను. మీరు విడదీసి మట్టి ఉంచేసుకోండి, పెంట మేం తీసుకుపోతాం."

గట్టు మీద ఎవరో నవ్వారు. ఆయన మొహం కందగడ్డయింది. "పోలీసుల్ని పిలిపిస్తా. మొగుడూ పెళ్ళాలిద్దర్నీ స్టేషన్లో పడేయిస్తా."

నేను ఇంకో పారెడు మట్టి తట్టలో పోశాను. "పిలిపించండి. ఎస్సై గారు రాసుకోవాలిగా. ఈ చేను కౌలుకి చేసింది మేమేనని, పెంట తోలింది మేమేనని, మీరు మాటిచ్చారని అంతా రాసుకుంటారు. సంతకం పెట్టిపోతాం."

ఆ మాటకి ఆయన ఆగిపోయాడు. రాతలో మా పేరు ఎక్కడమే ఆయనకి భయం. అది తెలిసే అన్నాను. బండి దగ్గరికి రాబోయి చేలోకి దిగాడు. చెప్పులు మట్టిలో కూరుకుపోయాయి. లాక్కోబోతే ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. వంగి చెప్పు కోసం చెయ్యి పెట్టినవాడు గుప్పెడు మట్టి తీసి చూశాడు. చిదమనక్కర్లేకుండానే వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. పక్క చేను వైపు చూశాడు. అది నెర్రెలిచ్చి ఉంది.

తర్వాత ఏసోబు వైపు తిరిగాడు. "ఏం చూస్తున్నావురా? కట్టు నాగలి!"

"అయ్యా, ఆ పైమట్టి పోతే కింద బండేనండి" అన్నాడు ఏసోబు. "నాకొద్దండి."

"నిన్న కావాలని నా వెంటపడ్డావుగా!"

"నిన్న మట్టి ఉందండి."

నేను పార కింద పెట్టలేదు. "అయ్యా, మీ చేను నాకొద్దు. పెంటకి బలం మూడేళ్ళు. ఒక ఏడు తిన్నాం. ఇంకా రెండేళ్ళది అందులో ఉంది. అది తిననీయండి, లేదా తీసుకుపోనీయండి. ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినవాళ్ళకి ఇచ్చుకోండి."

దున్నపోతులు తోకలు ఆడించుకుంటున్నాయి. నేను ఇంకో తట్ట నింపి నెత్తికెత్తుకుని బండి వైపు నడిచాను. తట్ట బండిలో కుమ్మరించబోతుంటే ఆయన మాకు వీపు పెట్టి, చెప్పు దులుపుకుంటూ గొణిగాడు.

"తగలడండి. రెండేళ్ళు."

నాకు వినబడింది. తట్ట కుమ్మరించకుండా కింద పెట్టాను. ఇక బండిలో మట్టి కూడా దించేద్దామని రసూల్ వైపు చూశాను. ఆయన దిగలేదు. బండి మీదే నిలబడి, ఆసామి వీపు వైపు చూస్తూ అన్నాడు.

"నాకు వినపళ్ళేదండి. ఇటు తిరిగి అనండి."

అంకమ్మరావు గారు తిరిగాడు. కళ్ళెర్రజేసి రసూల్‌ని ఎగాదిగా చూశాడు. రసూల్ తల దించలేదు.

"రెండేళ్ళు మీరే చేసుకోండి" అన్నాడు ఆయన, ఊరంతా వినేలా.

"సరేనండి" అన్నాడు రసూల్. "తట్టలూ పారా చేలోనే ఉంచుకుంటామండి, పై ఉగాదికి మీరు మళ్ళీ మర్చిపోతే పనికొస్తాయి."